మన ఫోన్ మనమే చేసుకుందాం

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో కౌకూర్ సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడాది ఈ సభలో మేము పొదుపు ఎంతైంది, అప్పు ఎంత తీసుకున్నం, ఎన్ని కిస్తీలు కట్టినం అని చెప్తుంటం. ఆ లెక్కలు రిపోర్టులో వేరే పేజీలో ఉన్నయి. ఈ రోజు మేము ఫోన్ సంగతి చెప్పడానికి నిలబడ్డం. దేశం బయట ఉన్న మన కొడుకుతోని, భర్తతోని, బిడ్డతోని తక్కువ ఖర్చుతో ఎట్లా మాట్లాడాలె అనే సంగతి. పొదుపు సంఘానికి ఫోన్‌తోని ఏం పని అని మీకు అనిపించొచ్చు. మాకు కూడా మొదట్ల అట్లనే అనిపించింది. కానీ ఈ సంగతి మా పొదుపు పుస్తకం నుంచే బయటపడ్డది.

మా సంఘంల ఒక పెద్దక్క ఉన్నది. పేరు చెప్పొద్దన్నది కాబట్టి పెద్దక్క అనే అంటం. సంఘం పెట్టిన నాటి నుంచి ఒక్క నెల పొదుపు తప్పని మనిషి. అట్లాంటామె వరుసగా రెండు నెలలు పొదుపు కట్టలేదు. మూడో నెల కిస్తీ కూడా సగమే తెచ్చింది. "కొడుకు దుబాయి పోయి ఏడాదిన్నర అయింది గదా అక్కా, పైసలు పంపుతలేడా?" అని అడిగినం. ఆమె తల వంచుకున్నది. "పంపుతనే అంటున్నడు, ఆలస్యమైతుంది అంటున్నడు. ఉన్న పైసలు ఫోన్‌కే పోతున్నయి" అన్నది.

ఫోన్‌కు అంత ఎందుకైతుందని మీటింగ్‌లనే కూచొని లెక్క రాసినం. పెద్దక్క దగ్గర ఉన్నది బటన్ల ఫోన్. దాంట్ల విదేశానికి ఎట్లా చేయాల్నో ఆమెకు తెల్వదు. వారానికి రెండు మూడు సార్లు ఒక దుకాణానికి పోతది. దుకాణం పిల్లగాడు తన ఫోన్ నుంచి నంబర్ కలిపి ఇస్తడు, నిమిషాల లెక్కన పైసలు తీసుకుంటడు. కొడుకు డ్యూటీల ఉండి ఎత్తకపోతే మళ్ళ పోవాలె. ఆటో కిరాయి వేరే. పోయిన పూట కూలి వేరే. ఇవన్నీ కలిపితే ఆమె కట్టలేకపోయిన పొదుపు కంటే ఎక్కువే తేలింది. మాకు నోట మాట రాలేదు.

తర్వాత ఒక్కొక్కరిని అడిగినం. కౌకూర్‌ల పుట్టి పెరిగినవాళ్ళం కొందరం, జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి, నిజామాబాద్ దిక్కు నుంచి వచ్చి ఇక్కడ కిరాయికి ఉంటున్నవాళ్ళం కొందరం. ఒకామె భర్త సౌదీల డ్రైవర్. ఒకామె చెల్లె కువైట్‌ల ఇంటి పని చేస్తది. ఒకామె బిడ్డ అమెరికాల చదువుకుంటుంది. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని మన తెలంగాణల పెద్దలు ఊరికే అనలేదు. అందరికీ ఎవరో ఒకరు దూరాన ఉన్నరు, కానీ ఫోన్ ఖర్చు గురించి మేము ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఎవరి తిప్పలు వాళ్ళే పడ్డం.

మా అమ్మల కాలంల ఇంకా కష్టం ఉండె. గల్ఫ్ పోయినోళ్ళ దగ్గరి నుంచి ఉత్తరం రావాలంటే వారాలు పట్టేది. చదువు రాని తల్లి ఆ ఉత్తరాన్ని ఇంకొకరితోని చదివించుకునేది. మాటలు క్యాసెట్‌ల నింపి, సెలవు మీద వచ్చేటోళ్ళ చేతికిచ్చి పంపినోళ్ళు కూడా ఉన్నరు. తర్వాత పసుపుపచ్చ బోర్డుల ఎస్టీడీ, ఐఎస్డీ బూతులు వచ్చినయి. మేము చిన్నగున్నప్పుడు అమ్మ కొంగు పట్టుకొని ఆ అద్దాల డబ్బాల నిలబడ్డం. ఎర్ర అంకెలు తిరుగుతుంటే అమ్మ కండ్లు వాటి మీదనే ఉండేవి. "బాగున్నవా, బాగున్నం, తిన్నవా, పైసలు అందినయి, పెట్టేస్తున్న" అంతే. ఏడుపొచ్చినా బయటికొచ్చినంక ఏడ్చేది. అప్పుడు మన దేశం నుంచి బయటికి పోయే కాల్ అంతా విదేశ్ సంచార్ నిగమ్ అనే ఒక్క సర్కారు కంపెనీ చేతిల ఉండేది. 2002 ఏప్రిల్‌ల ఆ ఒక్కరి పెత్తనం పోయింది, అదే నెల నుంచి ఇంటర్నెట్ మీద విదేశాలకు మాట్లాడడానికి కూడా మన దేశంల అనుమతి వచ్చింది. 2015ల వాట్సాప్‌ల మాట్లాడే కాల్ వచ్చింది, 2016ల వీడియో కాల్ వచ్చింది. ఆ ఏడాదే నెట్ రేట్లు బాగా పడిపోయినయి.

అంటే కాల్ ధర పడిపోయి చాలా ఏండ్లయింది. కానీ మా పెద్దక్క మాత్రం ఇంకా బూతు కాలంలనే ఉన్నది. ధర తగ్గినా, ఆ తగ్గిన ధర అందుకునే దారి ఆమెకు ఎవరూ చూపించలేదు. మా సంఘంల చదువుకున్నోళ్ళం ఉండి కూడా చూపించలేదు. ఇది మా తప్పే అని ఈ సభల ఒప్పుకుంటున్నం.

అందుకని మూడు నెలలు ప్రతి మీటింగ్‌ల పొదుపు లెక్క అయినంక అరగంట ఫోన్ నేర్చుకోవడానికి పెట్టినం. మేము నేర్చుకున్నది మీకు కూడా పనికొస్తదని చెప్తున్నం.

ముందుగాల తెలుసుకోవాల్సింది, విదేశానికి మాట్లాడడానికి రెండు దారులున్నయి. ఒకటి మామూలు ఫోన్ కాల్, దాన్నే ఐఎస్డీ అంటం. ఇది మన కంపెనీ తీగ నుంచి ఆ దేశం కంపెనీ తీగకు పోతది. ఇద్దరూ పైసలు తీసుకుంటరు, అందుకే ఖరీదు. రెండోది నెట్ కాల్. మన మాట నెట్‌ల నుంచి పోతది. మాట్లాడినందుకు వేరే పైసలు పడవు, వాడిన నెట్ మాత్రమే ఖర్చయితది. కాకపోతే ఇద్దరి దగ్గర నెట్ ఉండాలె, ఇద్దరి ఫోన్లల్ల ఒకే యాప్ ఉండాలె.

నెట్ కాల్‌ల కూడా పొదుపు ఉన్నది. వీడియో కాల్‌కు మాట కాల్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ నెట్ పోతది. ముఖం చూడాలని ఎవరికి ఉండది? కానీ మొదట రెండు నిమిషాలు ముఖం చూసుకొని, తర్వాత వీడియో బంద్ చేసి మాట్లాడితే నెట్ మిగులుతది, మాట కూడా తెగకుండ వినపడతది. వాట్సాప్ సెట్టింగ్స్‌ల స్టోరేజ్, డేటా అనే కాడ కాల్స్‌కు తక్కువ డేటా వాడు అనే మీట ఉంటది, అది ఆన్ చేసుకోండి. దినాం ఇంత అని నెట్ వచ్చే ప్యాకుల్ల, మిగిలిన నెట్ అర్ధరాత్రి దాటితే పోతది. పిల్లలు పగలంతా వీడియోలు చూసి నెట్ అయిపోగొట్టినంక రాత్రి నాయనకు ఫోన్ కలవలేదని ఏడుస్తున్నరు. మా ఇండ్లల్ల ఇప్పుడు ఒక కట్టుబాటు పెట్టుకున్నం, కాల్ అయ్యేదాక నెట్ ముట్టొద్దని.

నెట్ దొరకనప్పుడు, ఆపతి వచ్చినప్పుడు ఐఎస్డీ తప్పదు. బటన్ల ఫోన్ నుంచి కూడా అది చేయొచ్చు. ఉట్టిగ చేస్తే మామూలు రేటు పడతది, అది ఎక్కువ. ముందు ఆ దేశానికి ఐఎస్డీ ప్యాక్ ఉన్నదా, నిమిషానికి ఎంత, ఎన్ని రోజులు ఉంటది అని మన కంపెనీ వాళ్ళను అడిగి వేయించుకోవాలె. నంబర్ ముందు కూడిక గుర్తు, దాని వెనక దేశం కోడ్ కొట్టాలె. సౌదీకి 966, దుబాయి, అబుదాబి ఉన్న ఎమిరేట్స్‌కు 971, ఖతర్‌కు 974, కువైట్‌కు 965, ఒమన్ మస్కట్‌కు 968, బహ్రెయిన్‌కు 973, సింగపూర్‌కు 65, అమెరికాకు 1. నంబర్ సేవ్ చేసేటప్పుడే కోడ్‌తో సహా సేవ్ చేసుకోవాలె. కోడ్ లేకుండ సేవ్ చేస్తే వాట్సాప్‌ల మనిషి కనపడడు. మా సంఘంల ఇద్దరికి ఇన్ని రోజులు కాల్ కలవకపోవడానికి కారణం ఇదొక్కటే.

ఇప్పుడు ముఖ్యమైన మాట. అన్ని దేశాలల్ల ఒకే తీరు నడవదు. కువైట్, బహ్రెయిన్‌ల వాట్సాప్ కాల్ మామూలుగ కలుస్తది. ఎమిరేట్స్‌ల మాత్రం వాట్సాప్‌ల రాసిన మెసేజ్ పోతది, మాట నింపిన వాయిస్ మెసేజ్ పోతది, కానీ కాల్ కలవనియ్యరు. అక్కడి సర్కారు అనుమతిచ్చిన యాప్‌లే వాడాలె. బోటిమ్ అట్లాంటిది, మన కార్మికులు చాలా మంది అదే వాడుతరు. ఖతర్‌ల కూడా వాట్సాప్ కాల్‌కు ఇట్లాంటి ఇబ్బంది ఉన్నది. సౌదీ సర్కారు 2017 సెప్టెంబర్‌ల నిబంధనలకు ఒప్పుకున్న యాప్‌ల మీద అడ్డు తీసింది, అయినా అన్ని యాప్‌లు కలుస్తయని అనుకోవద్దు. ఈ నియమాలు మారుతుంటయి. అందుకే "నీ దగ్గర ఏ యాప్‌కు అనుమతి ఉన్నది" అని అక్కడున్న మనవాళ్ళనే అడిగి, అదే యాప్ మన ఫోన్‌ల వేసుకోవాలె. అది కూడా ప్లే స్టోర్ నుంచే వేసుకోవాలె, ఎవరో పంపిన లింకు నుంచి వద్దు.

ఇక్కడ ఒక హెచ్చరిక. మా బస్తీల ఒక పిల్లగాడు "వీపీఎన్ వేసుకోమను, అన్నీ ఫ్రీగ కలుస్తయి" అని సలహా చెప్పిండు. వీపీఎన్ అంటే మనం ఏ దేశం నుంచి నెట్ వాడుతున్నమో దాచిపెట్టే ముసుగు అనుకోండి. మాకు కూడా మొదట మంచిగనే అనిపించింది. ఆర్.పి. అక్క తెలుసుకొని వచ్చి చెప్పినంక మా గుండె ఝల్లుమన్నది. ఎమిరేట్స్‌ల సైబర్ చట్టం ప్రకారం అట్లాంటి ముసుగు వేసుకొని నేరం చేసినా, నేరం దాచినా జైలు ఉన్నది, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల దాక జరిమానా ఉన్నది. అనుమతి లేని కాల్ కోసం ముసుగు వేసుకుంటే ఆ చట్టం కిందికి వచ్చే ప్రమాదం ఉన్నది. మన బిడ్డ అక్కడ ఏండ్లకు ఏండ్లు చెమటోడ్చినా అంత సంపాదించడు. అమ్మతోని పది నిమిషాలు మాట్లాడడానికి కొడుకు ఆ ప్రమాదం మీద నిలబడొద్దు. ఇక్కడి నుంచి మనం "గా యాప్ వేసుకో, గీ యాప్ వేసుకో" అని ఒత్తిడి పెట్టొద్దు.

కాల్ కలవని దేశంల ఉన్నా దిగులు పడొద్దు. వాయిస్ మెసేజ్ ఉన్నది. మైకు గుర్తు మీద వేలు ఒత్తి పట్టి మాట్లాడి వదిలితే చాలు. చదువు రానోళ్ళకు ఇంతకంటే మంచి ఉత్తరం లేదు. ఆయన డ్యూటీ అయినంక వింటడు, మళ్ళ మాట నింపి పంపుతడు. రాత్రి నిద్ర పట్టకపోతే అదే మాట మళ్ళీ మళ్ళీ వినొచ్చు.

టైమ్ సంగతి కూడా చెప్పాలె. ఎమిరేట్స్, ఒమన్ మన కంటే గంటన్నర వెనుక. సౌదీ, ఖతర్, కువైట్, బహ్రెయిన్ రెండున్నర గంటలు వెనుక. సింగపూర్ మన కంటే రెండున్నర గంటలు ముందు. మనం ఇక్కడ తెల్లవారుజాము 5 గంటలకు లేచి ఫోన్ చేస్తే సౌదీల రాత్రి రెండున్నర. పొద్దంతా బరువులు మోసి పండుకున్నోని నిద్ర పాడు చేసినోళ్ళమైతం. ఎండకాలంల జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక ఎమిరేట్స్‌ల బయట ఎండల పని చేసేటోళ్ళకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాక పని ఆపాలని నియమం ఉన్నది. అది మనకు 2 నుంచి 4:30 దాక. ఆ టైమ్‌ల మాట్లాడాల్నా, కన్ను మూయాల్నా అనేది వాళ్ళనే అడగండి. వారంల ఏ రోజు, ఏ టైమ్, ఎవరు చేయాలె అనేది ముందే మాట అనుకుంటే సగం ఖర్చు, సగం ఆందోళన తగ్గుతది. ఒక మిస్డ్ కాల్ ఇస్తే క్షేమం, రెండు ఇస్తే నెట్ ఆన్ చెయ్యి, మూడు ఇస్తే ఆపతి అని మాలో ఒకామె భర్తతోని గుర్తులు పెట్టుకున్నది. దానికి ఒక్క పైసా ఖర్చు లేదు.

ఇగ పెద్దక్క దగ్గరికి వస్తం. సంఘం లోపల అప్పు కింద ఆమెకు ఒక మామూలు టచ్ ఫోన్ ఇప్పించినం. "నాకు అక్షరం రాదు, నాతోని ఏమైతది" అన్నది. మేము అక్షరాలు నేర్పలేదు. కొడుకు ఫోటో పెట్టి అతను వాడే యాప్‌ల నంబర్ సేవ్ చేసినం. ఫోటో ఒత్తాలె, ఫోన్ బొమ్మ ఒత్తాలె, అయిపోయినంక ఎర్ర గుర్తు ఒత్తాలె. మేము ఎవరం ఆమె ఫోన్ చేతిలకు తీసుకోవద్దని నియమం పెట్టుకున్నం. ఎందుకంటే ఫోన్ గుంజుకొని మనం చేసి ఇస్తే ఆమెకు ఎన్నటికీ రాదు. మొదటి మీటింగ్‌ల వేలు వణికింది, ఎవరికో కలిసింది, అందరం నవ్వినం, ఆమె కూడా నవ్వింది. మూడో మీటింగ్ నాటికి ఒక్కతే కలిపింది.

ఆ రోజు రాత్రి పెద్దక్క తన ఇంట్ల, తలుపు దగ్గరికేసుకొని, కొడుకుతోని మొదటిసారి ఒంటరిగ మాట్లాడింది. అంతకుముందు ఏడాదిన్నర ఆమె ఎప్పుడు మాట్లాడినా దుకాణంల నలుగురి మధ్యల, స్పీకర్ మీద. వెనక ఇంకొకరు తమ వంతు కోసం నిలబడేటోళ్ళు. కొడుకు "బాగున్న అమ్మా" అనేటోడు, ఆమె "బాగున్నం బిడ్డా" అనేది. ఆ రాత్రి ఆమె "ఇక్కడ ఎవ్వరు లేరురా, నేనొక్కదాన్నే ఉన్న. నిజం చెప్పు" అని అడిగింది. అటు నుంచి కొంచెం సేపు ఏమీ వినపడలేదట. తర్వాత ఏడుపు వినపడ్డది. నాలుగు నెలల నుంచి కంపెనీ జీతం ఇస్తలేదు, పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరనే పెట్టుకున్నరు, రూమ్‌ల ఆరుగురు పిల్లలు ఒక్క పూట వండుకొని తింటున్నరు. ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదురా అంటే, "అందరు వింటుంటరు గదమ్మా, నీ ఇజ్జత్ పోతదని చెప్పలే" అన్నడు.

తెల్లారి పొద్దున ఏడింటికి పెద్దక్క మా ఇంటి ముందు నిలబడ్డది. ఆ రోజు మేము మిగతా పనులు ఆపినం. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం అని మన కేంద్ర విదేశాంగ శాఖది ఒకటి ఉన్నది. మన దేశం నుంచి దానికి ఉచితంగ ఫోన్ చేసే నంబర్ 1800 11 3090. ఎమిరేట్స్‌ల ఉన్నోళ్ళు అక్కడి నుంచి ఉచితంగ చేసే నంబర్ 800 46342. రెండు దిక్కుల నుంచి చేసినం. ఇక్కడి నుంచి తల్లి, అక్కడి నుంచి కొడుకు. మదద్ అని విదేశాంగ శాఖ పోర్టల్ 2015 నుంచి ఉన్నది, మీ సేవ కేంద్రం దగ్గర ఒక చదువుకున్న బిడ్డ సాయంతోని దాంట్ల కూడా ఫిర్యాదు పెట్టినం. కంపెనీ పేరు, అక్కడి ఫోన్ నంబర్, పాస్‌పోర్ట్ నంబర్ అడిగిండ్రు. పాస్‌పోర్ట్ నంబర్ మా దగ్గర లేదు. పెట్టె అడుగున వెతికితే పాత జిరాక్స్ దొరికింది, అదే మమ్మల్ని కాపాడింది.

మీకు అబద్ధం చెప్పం. అంతా తీరిపోలేదు. రెండు నెలల జీతం వచ్చింది, ఇంకో రెండు నెలలది రావాలె. పాస్‌పోర్టు చేతికొచ్చింది. పెద్దక్క పొదుపు మళ్ళ మొదలుపెట్టింది, ఫోన్ కోసం తీసుకున్న అప్పు కిస్తీ కూడా కడుతున్నది. అయితే మా సంఘం ఒక సంగతి నేర్చుకున్నది. తక్కువ ఖర్చు కాల్ అంటే పైసలు మిగిలే కాల్ మాత్రమే కాదు. ఎవ్వరి ముందు నిలబడకుండ, ఎవ్వరికీ వినపడకుండ మన కష్టం మనవాళ్ళకు చెప్పుకునే కాల్. దుకాణంల నిలబడి ఎన్ని వందల రూపాయలు పోసినా ఆ మాట పెద్దక్కకు దొరకలేదు.

ఫోన్ మన చేతికి వచ్చినంక మోసగాళ్ళు కూడా మన చేతికే వస్తరు. అందుకని నాలుగు జాగ్రత్తలు చెప్తున్నం.

ఒకటి, తెల్వని విదేశం నంబర్ నుంచి ఒక్క రింగు వచ్చి ఆగిపోతే తిరిగి చేయొద్దు. తిరిగి చేస్తే మన బ్యాలెన్స్ పోవడానికే ఆ ఎత్తు. మనవాళ్ళది కొత్త నంబర్ అయితే మెసేజ్ పెడుతరు.

రెండు, "మీ కొడుకును పోలీసులు పట్టుకున్నరు, వెంటనే పైసలు వెయ్యండి" అని, "మీ పేరు మీద పార్సిల్ దొరికింది, డిజిటల్ అరెస్ట్" అని ఎవరు చేసినా పెట్టేయండి. డిజిటల్ అరెస్ట్ అనేది చట్టంల లేనే లేదు. గొంతు మన బిడ్డ గొంతు లాగనే ఉన్నా నమ్మొద్దు, ఈ కాలంల గొంతును కూడా తయారు చేస్తున్నరు. ఇంట్లోళ్ళకే తెలిసిన ఒక గుర్తు మాట పెట్టుకోండి. చిన్నప్పుడు మన ఇంట్ల ఉన్న బర్రె పేరు అయినా సరే. అది అడిగితే దొంగ తేలిపోతడు. పైసలు పోతే ఆలస్యం చేయకుండ 1930కి ఫోన్ చేయాలె. ఎంత తొందరగ చేస్తే అంత ఆశ ఉంటది.

మూడు, ఓటీపీ గానీ, వాట్సాప్ ఆరంకెల కోడ్ గానీ ఎవ్వరికీ చెప్పొద్దు. యాప్ వేసి పెడతనని చెప్పిన తెల్వనోళ్ళ చేతికి ఫోన్ ఇయ్యొద్దు.

నాలుగు, "మీ ఇంట్ల ఒక చిన్న డబ్బా పెడతం, నెట్ కనెక్షన్ ఇయ్యండి, నెలకు కిరాయి ఇస్తం" అనో, "మీ ఆధార్ మీద సిమ్ములు తీసుకుంటం, పైసలిస్తం" అనో ఎవరన్న వస్తే ఒప్పుకోవద్దు. విదేశం కాల్‌ను దొంగతనంగ లోకల్ కాల్ లాగ మార్చే మెషిన్లు అట్లనే పెడుతరు. పోలీసులు వస్తే ముందు మన ఇంటికే వస్తరు. ఇట్లా నంబర్ మార్చి వచ్చే కాల్స్‌ను ఆపడానికి కేంద్ర టెలికాం శాఖ 2024 అక్టోబర్‌ల ఒక ఏర్పాటు కూడా మొదలుపెట్టింది. మన పేరు మీద ఎన్ని సిమ్ములున్నయో సంచార్ సాథీల చూసుకోవచ్చు. మన రాష్ట్రంల ఒక మనిషి పేరు మీద 9 కంటే ఎక్కువ ఉండొద్దు. మనం తీసుకోని సిమ్ కనపడితే అక్కడనే ఫిర్యాదు చేయొచ్చు. మా సంఘం మొత్తం ఒక రోజు కూచొని చూసుకున్నం.

ఇంక సమాఖ్యకు మా విన్నపం. మేము మూడు తీర్మానాలు రాసుకున్నం, మీరు కూడా మీ సంఘాలల్ల చర్చ చేయండి.

మొదటిది, ప్రతి సంఘంల నెలకు ఒక అరగంట ఫోన్ నేర్చుకోవడానికి పెట్టాలె. పదో తరగతి చదివిన మన బిడ్డలే నేర్పుతరు. నేర్పేటోళ్ళు ఫోన్ ముట్టొద్దు, నేర్చుకునేటోళ్ళే ఒత్తాలె.

రెండోది, మనవాళ్ళు విదేశంల ఉన్న ప్రతి ఇంట్ల నోటుబుక్కుల ఒక పేజీ రాసి పెట్టాలె. పాస్‌పోర్ట్ నంబర్, వీసా జిరాక్స్, కంపెనీ పేరు, క్యాంపు అడ్రస్, అక్కడి నంబర్, రూమ్‌ల ఉండే ఇద్దరు తోటివాళ్ళ నంబర్లు, పంపిన ఏజెంట్ వివరం, పైన చెప్పిన సహాయ కేంద్రం నంబర్. ఫోన్ పోతే నంబర్లు పోతయి, పేజీ పోదు. చదువు రానోళ్ళ ఇంట్ల ఆ పేజీ రాసిచ్చే బాధ్యత సంఘం లీడర్‌ది.

మూడోది, వారం పది రోజులు కాల్ రాకపోతే "సిగ్గు, ఎవరికి చెప్తం" అని కూచోవద్దు. సంఘంల చెప్పాలె. కిస్తీ తప్పితే ఎందుకు తప్పింది అని అడుగుతం గదా, కాల్ తప్పితే కూడా అడగాలె. మేము పెద్దక్కను మొదటి నెలనే అడిగి ఉంటే ఆ పిల్లగాడు నాలుగు నెలలు ఒక్క పూట తిని ఉండేటోడు కాదు.

పోయిన వారం మీటింగ్‌ల పొదుపు రాస్తుంటే పెద్దక్క ఫోన్ మోగింది. స్క్రీన్ మీద కొడుకు ఫోటో. మేము అందరం చూస్తున్నం. ఆమె ఫోన్ ఎత్తి, "మీటింగ్‌ల ఉన్నరా బిడ్డా, అర్ధగంటకు నేనే చేస్త" అని చెప్పి పెట్టేసింది.

"నేనే చేస్త" అన్న ఆ మాట మా సంఘం అందరికీ వినపడ్డది. వచ్చే ఏడు ఈ సభకు వచ్చేసరికి మన సమాఖ్యల ప్రతి తల్లి ఆ మాట అనాలని కోరుకుంటున్నం.